అరవమన్న గురువు

హైదరాబాద్ గచ్చిబౌలిలోని తన అకాడమీలో ఒకరోజు బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధుని కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందటి సంగతి ఇది. చుట్టూ తోటి ఆటగాళ్లు, కోచ్‌లు. ఆ అమ్మాయికి నోరు పెగల్లేదు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనని ఆయన తేల్చి చెప్పేశారు. ఆమె ఏడ్చింది. అప్పటికే రెండుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన మనిషి, అయిదడుగుల పది అంగుళాల ఎత్తున్న మనిషి, ఒక్క అరుపు అరవలేక కన్నీళ్లు పెట్టుకుంది. చివరికి అరిచింది. రియో పతకం తరువాత ఈ సంగతి పత్రికలకెక్కింది.

బోధన అనే కళకు మన క్రీడారంగంలో ఇంత నిండైన ఘట్టం ఇంకొకటి నేను ఎరగను. చాలామంది దీన్ని క్రమశిక్షణ కథగా చెప్పుకున్నారు. మూడు నెలలు ఫోను తీసేసుకోవడం, ఐస్‌క్రీమ్ మాన్పించడం వంటి వాటి పక్కన దీన్నీ చేర్చి, గురువంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు చాలదు. ఆ పూట ఒక గురువు తన శిష్యురాలి ఒంట్లో పేరుకుపోయిన సమాజాన్ని కనిపెట్టారు. కనిపెట్టి, దాన్ని ఉపన్యాసంతో కాకుండా ఆమె గొంతుతోనే కదిలించారు. ఇందులో ఎంత సూక్ష్మమైన చూపు ఉందో, ఎంత సాహసం ఉందో తెలియాలంటే ఆట తెలిస్తే చాలదు. మనుషులు కలిసి బతికే తీరు గురించి ఆలోచించినవాళ్ల మాటలు కూడా కావాలి. కోచింగ్‌ని సామాజిక సిద్ధాంతాల వెలుగులో చదవడం ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఒక శాఖగానే పెరిగింది. అక్కడి పుస్తకాలు చాలావరకు పొడిగా ఉంటాయి. కానీ వాటి వెనక ఉన్న మూల ఆలోచనలు పొడివి కావు. రసికుడి చేతిలో పడితే అవి ఆటను మరింత అందంగా చూపిస్తాయి.

ముందు ఆ అరుపు సంగతే చూద్దాం. సింధు ఆటలో ఆనాటికి బలం ఉంది, పొడవైన చేతికి అందని మూల లేదు, ఎత్తు నుంచి కిందికి దిగే స్మాష్ ఉంది. లేనిది ఒకటే. కోర్టు అంతా నాదేనని అవతలి మనిషికి తెలియజెప్పే తీరు లేదు. పాయింటు గెలిస్తే చిన్నగా నవ్వేది, ఓడితే తల వంచుకునేది. ఇల్లు ఆమెను అలా పెంచలేదు. తండ్రి రమణ వాలీబాల్‌లో అర్జున అవార్డు అందుకున్నవారు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. కేకలు వేయకుండా వాలీబాల్ ఆడిన ఇల్లు ఎక్కడా ఉండదు. ఆ అణకువ ఇంటి గోడల అవతలి నుంచి వచ్చింది. బడిలో, బస్సులో, పెళ్లిళ్లలో, పేరంటాల్లో మన ఆడపిల్లల గొంతు మీద నలుగురూ పెట్టే చెయ్యి అది. నెమ్మదైన పిల్ల అనే మెచ్చుకోలు కింద ఆ చెయ్యి కనబడదు.

అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో దీని మీదే ఒక వ్యాసం రాసింది. ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించిన వ్యాసం. బలం తక్కువై కాదు, ఒంటి మొత్తాన్ని ఆ విసురులోకి తేవడానికి జంకడం వల్ల వాళ్ల విసురు పొట్టిగా పోతుందని ఆమె చూపించింది. చెయ్యి ముందుకు పోతుంది, నడుమూ భుజమూ వెనకే ఉండిపోతాయి. చుట్టూ ఉన్న స్థలం ఎంత ఉన్నా, తనకు అనుమతి ఉన్నంత మేరకే శరీరం వాడుకుంటుంది. పైగా ఆ శరీరం ఒకపక్క పనిచేస్తూనే, ఇంకోపక్క ఎవరో తనని చూస్తున్నారన్న ఎరుకతో బిగుసుకుని ఉంటుంది. ఆ వ్యాసం చదివాక సింధు కన్నీళ్లకు అర్థం మారిపోతుంది. వేల గంటల సాధనతో కాళ్లూ చేతులూ ఆ బిగింపు నుంచి ఎప్పుడో బయటపడ్డాయి. గొంతు ఒక్కటే లోపల మిగిలిపోయింది. గోపీచంద్ నేరుగా వెళ్లి ఆ మిగిలిన తలుపే తట్టారు.

ఇక్కడ మన ఆలంకారికులు నాకు గుర్తొస్తారు. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్తంభం ఉంది, స్వరభంగం ఉంది, అశ్రువు ఉంది. కోర్టు మధ్య నిలబడిన ఆ కాసేపట్లో ఈ మూడూ ఆ అమ్మాయి మీదుగా నడిచాయి. మనసు పూర్తిగా లగ్నమైతే తప్ప సాత్త్వికం పుట్టదని నాట్యశాస్త్రం అంటుంది. అంటే ఆమె పైపైన మొరాయించలేదు. నిలువెల్లా ఆ పనిలోనే ఉంది. ఇక గోపీచంద్ అడిగిందేమిటి? వీరరసానికి ఉత్సాహం స్థాయిభావం, రౌద్రానికి క్రోధం స్థాయిభావం. ఆయన భావాన్ని అడగలేదు. కోపం తెచ్చుకో, ధైర్యం తెచ్చుకో అని అడిగితే ఎవరు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? ఆయన అనుభావాన్ని అడిగారు. బయటికి కనిపించే, వినిపించే చేష్టను ముందు చేయించి, దాని వెంట లోపలి భావం నడిచి రావడానికి దారి వేశారు. అభినయం నేర్పే మన గురువులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విద్య. శరీరం ముందు వెళ్లి నిలబడితే మనసు వెతుక్కుంటూ వస్తుంది.

ఇదే సంగతిని వేరే దారిలో ఫ్రెంచివాళ్లు చెప్పారు. మార్సెల్ మోస్ అనే మానవశాస్త్రవేత్త 1934లో సైకాలజీ సొసైటీ ముందు ఒక ఉపన్యాసం చేశాడు. నడక, పరుగు, ఈత, కూర్చునే తీరు, పడుకునే తీరు, ఇవేవీ పుట్టుకతో వచ్చేవి కావనీ ప్రతి సమాజమూ తన పిల్లల ఒంటికి వీటిని నేర్పుకుంటుందనీ అందులో చెప్పాడు. తన ఒంటినే సాక్ష్యంగా చూపించాడు. ఆయన ఈత నేర్చుకున్న రోజుల్లో ఈదేవాళ్లు నీళ్లు మింగి ఆవిరి పడవలాగా బయటికి ఉమ్మేవారట. తరువాత ఆ పద్ధతి పోయింది, మెరుగైనది వచ్చింది. పాతది తెలివితక్కువదని ఆయనకూ తెలుసు. అయినా నీళ్లలో దిగితే ఆయన ఒళ్లు ఆ పాత పనే చేసేది, మాన్పించుకోలేకపోయాడు. కోచ్‌గా ఒక్క నెల పనిచేసిన ఎవరైనా ఈ మాట చదివి చేతులు జోడిస్తారు. తప్పు తెలిసినంత మాత్రాన పోదు. తెలివికి తెలిసింది ఒంటికి తెలియాలి.

మోస్ వదిలిన చోటి నుంచి పియెర్ బూర్దియో ఎత్తుకున్నాడు. మనం పుట్టిన ఇల్లు, కులం, తరగతి, ఊరు మన ఒంట్లోకి దిగి మన నిలబడే తీరుగా, నమిలే తీరుగా, జంకే తీరుగా మారిపోవడాన్ని ఆయన హాబిటస్ అన్నాడు. ఆటల మీద ఆయన రాసింది కొంచెమే. అందులో నాకు ప్రాణమైన చోటు ఒకటుంది. సిద్ధాంతానికీ ఆచరణకూ మధ్య ఉండే చిక్కు ఎక్కడికన్నా ఎక్కువగా ఆటలోనూ నృత్యంలోనూ బయటపడుతుందంటాడు. చెప్పడానికి మాటలు లేకుండా ఒంటితో మాత్రమే అర్థం చేసుకునే విషయాలు ఎన్నో ఉన్నాయనీ, ఒక శరీరం నుంచి ఇంకో శరీరానికి మాట మధ్యలో లేకుండా సాగే ఆ బోధన గురించి పండితులు ఆలోచించనే లేదనీ ఆయన ఫిర్యాదు. జీవితమంతా మాటలతో బతికిన మహా పండితుడు మాట ఆగిపోయే చోటు దగ్గర నిలబడి తల వంచడం నాకు గొప్పగా కనిపిస్తుంది.

బూర్దియో శిష్యుడొకడు ఆ ఫిర్యాదును తన ఒంటి మీదికి తీసుకున్నాడు. అతని పేరు లోయిక్ వాకాన్. షికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, పక్కనే ఉన్న నల్లవాళ్ల పేట జీవితం తెలుసుకోవడానికి 1988 ఆగస్టులో వుడ్‌లాన్ బాయ్స్ క్లబ్ అనే బాక్సింగ్ జిమ్‌లో చేరాడు. పరిశీలకుడిగా పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. మూడేళ్లకు పైగా గ్లోవ్స్ తొడిగాడు, దెబ్బలు తిన్నాడు, షికాగో గోల్డెన్ గ్లోవ్స్ పోటీలో బరిలోకి దిగాడు. ఆ అనుభవంతో 2000లో ఫ్రెంచిలో రాసిన పుస్తకం 2004లో బాడీ అండ్ సోల్ అనే పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. కోచింగ్ గురించి నేను చదివినవాటిలో ఇంత చెమట వాసన వేసే పుస్తకం, ఇంత ప్రేమతో రాసిన పుస్తకం మరొకటి లేదు.

అందులో నాయకుడు డీడీ ఆర్మర్ అనే వృద్ధ కోచ్. ఆయన చాలా తక్కువ మాట్లాడతాడు. కొత్తవాడు వస్తే అద్దం ముందు నిలబెట్టి వదిలేస్తాడు. వాడు పక్కవాణ్ని చూస్తాడు, పక్కవాడు తనకన్నా ముందున్నవాణ్ని చూస్తాడు. మూడు నిమిషాలకొకసారి గంట మోగుతుంది, అందరూ ఒకేసారి ఆగుతారు, అర నిమిషం తరువాత అందరూ ఒకేసారి మొదలుపెడతారు. ఆ గంట లయలో వారాల తరబడి మునిగి ఉంటే, ఎవరూ చెప్పకుండానే ఒంటికి సమయం పట్టుబడుతుంది. వాకాన్ ఒకసారి బాక్సింగ్ మీద పుస్తకం తెచ్చి చూపిస్తే డీడీ చిరాకుపడ్డాడు. పుస్తకాల్లో బాక్సింగ్ దొరకదు, జిమ్‌లో దొరుకుతుందన్నది ఆయన మాట. ఎవరు ఎవరితో స్పారింగ్ చేయాలో మాత్రం ఆయనే నిర్ణయించేవాడు. నా దృష్టిలో ఆయన విద్య అంతా ఆ జత కలపడంలోనే ఉంది. మరీ బలమైనవాణ్ని ఇస్తే కొత్తవాడి ఆశ విరిగిపోతుంది, మరీ బలహీనుణ్ని ఇస్తే ఏమీ నేర్చుకోడు. నోటితో చెప్పాల్సిన పాఠాన్ని ఆయన ఇంకో మనిషి పిడికిళ్లతో చెప్పించేవాడు. జిమ్ మొత్తం ఒక గురువైతే, ఆ గురువుకి చూపు డీడీ.

ఈ పుస్తకం చదివి గచ్చిబౌలి వైపు తిరిగితే మల్టీ షటిల్ సాధన మునుపటిలా కనిపించదు. చూడని పాఠకుల కోసం కొంచెం దగ్గరగా చెబుతాను. కోచ్ నెట్‌కి అవతల నిలబడతాడు. ఎడమ ముంజేతి మీద షటిళ్లు ఒకదానిలో ఒకటి దూర్చిన పొడవాటి దొంతర ఉంటుంది. పదహారు ఈకలు, అయిదు గ్రాముల బరువు ఒక్కోటి. కుడిచేత్తో ఒకటి తీసి వెనక మూలకు వేస్తాడు. శిష్యురాలు వెనక్కి గెంతి కొట్టి, మధ్యకు వచ్చి, రెండు పాదాల మీద చిన్న ఎగురు ఎగురుతుంది. ఆ ఎగురు నేలను తాకే క్షణానికి రెండో షటిల్ నెట్ దగ్గర పడుతోంది. అది తీసి వెనక్కి అడుగేసే లోపల మూడోది ఎడమ పక్కకు. ఇలా ఇరవై, ముప్పై. అవతలి మనిషి కాళ్లు బరువెక్కడం, భుజం కిందికి జారడం, ఊపిరి పైకి తేలడం కోచ్ కళ్లకు తెలుస్తూ ఉంటుంది. షటిల్ అర క్షణం ముందు వేస్తే సాధన కుప్పకూలుతుంది. అర క్షణం ఆలస్యమైతే అది వ్యాయామం మాత్రమే అవుతుంది. ఆ రెండింటికీ మధ్య, ఊపిరి అందీ అందని చోట, షటిల్ పడాలి. కూచిపూడి గురువు తాళాలు పట్టి నట్టువాంగం చేస్తూ శిష్యురాలి పాదాన్ని ఆమెకే తెలియని కాలంలోకి లాక్కుపోవడం మీరు చూసే ఉంటారు; ఆ చేతిలో ఉన్న లయే ఈ చేతిలోనూ ఉంది. ఒంటరిగా చేయలేనిదీ, తోడుంటే చేయగలిగేదీ అయిన ఆ సన్నని మేర దగ్గరే నేర్చుకోవడం జరుగుతుందని రష్యన్ మనస్తత్వవేత్త విగోత్‌స్కీ అన్నాడు. కోచింగ్ పరిశోధకులు ఆ మాటను తరచూ వాడుకుంటారు. నేనైతే ఆ మేరను అంకెల్లో కొలిచే ప్రయత్నం చేయను. ఆ చేతిని చూస్తూ కూర్చుంటాను.

సాధన ఎంత అందమైనా దాని రుజువు మ్యాచ్‌లో ఉంటుంది. 2016 ఆగస్టు 18, రియోలో సెమీఫైనల్. అవతల జపాన్‌కి చెందిన నొజోమి ఒకుహారా. ఆ ఏడాది ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచి వచ్చింది. పొట్టి మనిషి, అలుపెరగని కాళ్లు, ఏ షటిల్నీ నేల మీద పడనివ్వదు. మొదటి గేమ్ 21-19తో సింధుది. రెండో గేమ్‌లో ఇద్దరూ ఒకరినొకరు వెంటాడుకుంటూ 10-10 దాకా వచ్చారు. అక్కడి నుంచి ఒకుహారాకు ఒక్క పాయింటు కూడా రాలేదు. పదకొండు పాయింట్లు వరసగా సింధువే. 21-10.

అంత గట్టి ప్రత్యర్థి మీద, ఒలింపిక్ సెమీఫైనల్లో, పదకొండు వరస పాయింట్లు. అందులో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది బలం కాదు. చనువు. ఆ కోర్టు వెడల్పూ పొడవూ తన సొంతమన్న చనువు. ఎత్తు నుంచి దిగే షాట్లకు భుజమూ నడుమూ కాలూ కలిసి వచ్చాయి. వెనకపడిపోయిన అవయవం ఒక్కటి లేదు. పిడికిలి బిగిసింది, గొంతు లేచింది. ఐరిస్ యంగ్ వ్యాసంలోని ఆడపిల్ల ఏ గీత దగ్గర ఆగిపోయేదో, ఆ గీత మీదుగా సింధు నడిచి అవతలికి పోయింది. ఉత్సాహం స్థాయిగా నిలిచిన వీరరసం అంటే ఏమిటో చూపించమంటే నేను ఆ పదకొండు పాయింట్లనే చూపిస్తాను.

ఆ వరసలో ఒక చిన్న సంధి ఉంది. స్కోరు పదకొండుకు చేరగానే నిబంధనల ప్రకారం అరవై సెకన్ల విరామం. అంటే మొదటి పాయింటుకూ మిగతా పదికీ మధ్య గురువు ఒక్క నిమిషం కోర్టు పక్కకు వచ్చి నిలబడ్డారు. షటిల్ గాలిలో ఉన్నంతసేపూ కోచ్ నోరు మెదపకూడదు. కోర్టు వెనక కుర్చీలో కూర్చుని చూడాలంతే. నెలల తరబడి చేసిన పనికి ఆ పూట శిష్యురాలి పక్కకు వచ్చి మాట్లాడే వ్యవధి అంతా ఆ అరవై సెకన్లలోనూ, గేముకీ గేముకీ మధ్య ఉండే నూట ఇరవై సెకన్లలోనూ ఇమడాలి. ఇంత కఠినమైన ఛందస్సు ఏ కవికీ లేదు.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు గోపీచంద్ ముఖం గమనించారా? గెలుపు వైపు వెళుతున్నా, ఓటమి వైపు వెళుతున్నా దాదాపు ఒకేలా ఉంటుంది. నిత్యజీవితంలో మనమంతా ఎదుటివాళ్ల ముందు ఒక పాత్ర పోషిస్తామనీ, రంగం మీద ఒకలా తెర వెనక ఒకలా ఉంటామనీ చెప్పిన ఎర్వింగ్ గాఫ్‌మన్‌ని కోచింగ్ పండితులు బాగా చదువుకున్నారు. కోచ్ ముఖంలో భయం కనిపిస్తే అది ముందు శిష్యురాలి కాళ్లలోకి దిగుతుంది. అందుకని ఆ ప్రశాంతత కూడా ఒక సాధనే, ఒక అభినయమే. దీన్ని లోపలి నుంచి చూపించినవాడు వేల్స్‌లోని కార్డిఫ్‌లో పనిచేసిన రాబిన్ జోన్స్. స్వయంగా ఫుట్‌బాల్ కోచ్. మాట తడబడే మనిషి. ఆటగాళ్ల ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఏ మాట దగ్గర నాలుక ఆగుతుందో ముందే పసిగట్టి దాన్ని తప్పించి వేరే మాట వెతుక్కోవడం, తన అధికారం ఆ ఒక్క తడబాటుతో కూలిపోతుందేమోనని భయపడటం, ఇదంతా 2006లో ఆయన తన కథగానే రాశాడు. విద్వత్ పత్రికలో వచ్చిన వ్యాసం అది. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. గురువు పీఠం మీద కూర్చున్నవాడి వణుకును అంత నిజాయితీగా చెప్పిన రచనలు అరుదు.

ఇంతవరకు మెచ్చుకుంటూ వచ్చాను. మెప్పు నిజమైనదైతే ఒక కష్టమైన ప్రశ్నను కూడా మోయగలగాలి. మిషెల్ ఫూకో 1975లో శిక్ష గురించీ క్రమశిక్షణ గురించీ రాసిన పుస్తకంలో బడి, బారక్, జైలు ఒకే తర్కంతో నడుస్తాయన్నాడు. మనుషుల్ని వరసల్లో నిలబెట్టడం, గంటల్ని ముక్కలు చేయడం, కదలికను సూక్ష్మంగా విడగొట్టడం, ఎడతెగకుండా చూస్తూ ఉండటం. వీటితో శరీరం నైపుణ్యం పెంచుకుంటుంది, అదే సమయంలో లొంగిపోతుంది కూడా. స్పోర్ట్స్ అకాడమీని ఇంతకన్నా కచ్చితంగా వర్ణించలేం. జిమ్ డెనిసన్ అనే కోచ్, పరిశోధకుడు 2007లో తన దగ్గర పరుగు నేర్చుకున్న ఒక అథ్లెట్ గురించి రాశాడు. ఆ అథ్లెట్ ఒక పోటీలో పేలవంగా పరిగెత్తాడు. మనోబలం లేదని కోచ్ మొదట అతన్నే తప్పుపట్టాడు. ఫూకోని చదువుకున్నాక తన శిక్షణ ప్రణాళిక వైపు తిరిగి చూసుకున్నాడు. అన్నీ తానే నిర్ణయించి, ప్రతి అడుగూ తానే కొలిచి, ఆ మనిషిలో సొంతంగా పోరాడే గుణాన్ని తానే ఎండగట్టానేమోనని అనుమానించాడు. ప్రతి కోచ్ ఈ అనుమానం పడాలని నేను కోరుకుంటాను.

మరి సింధుని అరవమనడం ఏ ఖాతాలోకి వస్తుంది? అదీ ఆజ్ఞే. అధికారం ఉన్న మగ గురువు, ఇరవై ఏళ్ల అమ్మాయి, చుట్టూ జనం, రాకెట్ జప్తు. మూడు నెలలు ఫోను తీసేసుకోవడం కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది. ఎదిగిన మనిషికి తన ఫోను తన దగ్గర ఉండాలి. పతకం వచ్చింది కాబట్టి అన్నీ సరైనవే అనే వాదం నేను ఒప్పుకోను. ఇదే పద్ధతి మనసు కఠినమైన గురువు చేతిలో పడితే అవమానమే మిగులుతుంది. మన హాస్టళ్లలో, అకాడమీల్లో అలా మిగిలిన పిల్లలు తక్కువేమీ కాదు. అయినా ఈ ఒక్క ఆజ్ఞను నేను వేరుగా పెడతాను. తక్కిన ఆజ్ఞలన్నీ లోబడటాన్ని నేర్పుతాయి. ఇది లోబడటం నుంచి బయటపడటానికి ఇచ్చిన ఆజ్ఞ. ఆమె దాన్ని పాటించిన క్షణంలో గురువు కన్నా పెద్ద గొంతు ఆమెది అయ్యింది. తన అధికారాన్ని వాడి తన మీద కూడా గొంతెత్తగలిగే మనిషిని తయారుచేయడం, ఇందులో ఉన్న విరోధాభాసం ఏ అలంకారశాస్త్రానికైనా ఉదాహరణగా సరిపోతుంది. మంచి గురువుకీ చెడ్డ గురువుకీ తేడా ఇక్కడ తెలుస్తుందని నా నమ్మకం. శిష్యురాలికి చివరికి ఏం మిగిలింది అన్నదే కొలమానం.

ఏం మిగిలిందో సెమీఫైనల్ మరునాడు లోకమంతా చూసింది. ఫైనల్లో స్పెయిన్‌కి చెందిన కరోలినా మరీన్. ప్రతి పాయింటుకూ కోర్టు దద్దరిల్లేలా అరిచే మనిషి. సింధు మొదటి గేమ్‌లో 16-19తో వెనకబడి, వరసగా అయిదు పాయింట్లు తీసి 21-19తో గెలిచింది. తరువాతి రెండు గేములు 12-21, 15-21తో మరీన్‌కి వెళ్లిపోయాయి. గెలిచిన మరీన్ నేల మీద పడి ఏడుస్తుంటే, ఓడిన సింధు నెట్ దాటి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది. కింద పడి ఉన్న మరీన్ రాకెట్‌ని తీసి చేర్చాల్సిన చోట చేర్చింది. నేర్చుకున్న అరుపు పాత మర్యాదను చెరిపేయలేదు. రెండూ ఆ ఒంట్లోనే పక్కపక్కన ఉన్నాయి, అవసరానికి ఏది కావాలంటే అది బయటికొస్తోంది. హాబిటస్‌ని తలరాతలాగా చదివేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను ఆ రాకెట్ తీసిన చెయ్యి చూపిస్తాను. శరీరం పాతదాన్ని పారేయకుండానే కొత్తది నేర్చుకోగలదు.

ఈ అందం గాలిలో నుంచి పుట్టలేదన్న మాట కూడా చెప్పాలి. 2001లో చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్, 1980లో గెలిచిన ప్రకాశ్ పదుకోన్ తరువాత ఆ టైటిల్ తెచ్చిన రెండో భారతీయుడు. 2003లో ప్రభుత్వం అయిదెకరాల స్థలం ఇచ్చింది, కట్టడానికి డబ్బు కోసం ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది, దాత నిమ్మగడ్డ ప్రసాద్ ముందుకొచ్చారు, 2008లో అకాడమీ తెరుచుకుంది. ఆయన వెనక హైదరాబాద్‌లో దశాబ్దాలు ఆట నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్ లాంటి గురువులున్నారు. సింధు చిన్నతనంలో రోజూ యాభై ఆరు కిలోమీటర్లు ప్రయాణం చేసి సాధనకు వచ్చేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ప్రయాణానికి ఒక బండి కావాలి, ఉద్యోగంలో వెసులుబాటున్న తండ్రి కావాలి, ఆటంటే ఏమిటో తెలిసిన ఇల్లు కావాలి. పెట్టుబడి అంటే డబ్బు ఒక్కటే కాదని బూర్దియో చెప్పిన మాట ఇక్కడ బాగా తెలుస్తుంది. అదే ప్రతిభ ఉండి ఆ బండి లేని పిల్లలు ఎందరున్నారో ఏ పతకాల పట్టికా చెప్పదు.

వెస్టిండీస్ మేధావి సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో బియాండ్ ఎ బౌండరీ రాసి, క్రికెట్ నాటకానికీ నృత్యానికీ తోబుట్టువనీ, దాన్ని కళల పక్కన కూర్చోబెట్టాలనీ వాదించాడు. ట్రినిడాడ్‌లో ఎవరు ఏ క్లబ్‌లో చేరతారన్నది రంగును బట్టి, తరగతిని బట్టి తేలేదని కూడా అదే పుస్తకంలో, అదే ఊపిరితో చెప్పాడు. అందాన్నీ సమాజాన్నీ విడదీయకుండా చూడటం ఆయన దగ్గర నేర్చుకోవాలి. నాట్యశాస్త్రం చేతిలో ఉన్న మనం ఆటల గురించి రాసేది మాత్రం ఇంకా స్కోర్ల దగ్గర, సన్మానాల దగ్గరే ఆగిపోతోంది. పద్యానికి పెట్టే శ్రద్ధలో పదో వంతు ర్యాలీకి పెట్టినా మన భాషలో ఒక కొత్త విమర్శ పుడుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యింది. నిజామాబాద్‌లో శంసముద్దీన్ దగ్గర బాక్సింగ్ నేర్చుకున్న నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఆ గురువులు ఏం చూశారో, ఎప్పుడు మాట్లాడారో, ఎప్పుడు ఊరుకున్నారో, ఏ పిల్లను ఏ పిల్లకు ఎదురుగా నిలబెట్టారో రాసిపెట్టాల్సిన అవసరం ఉంది. సామాజిక శాస్త్రం చదువుతున్న తెలుగు పిల్లలకు, కథలు రాసే తెలుగు రచయితలకు నా మనవి ఒక్కటే. మీ ఊళ్లోని జిమ్‌కో, కబడ్డీ బరికో, షటిల్ కోర్టుకో వెళ్లి ఒక ఏడాది కూర్చోండి. వీలైతే మీరే ఆడండి. కోచ్ కుర్చీ పక్కన చోటు అడిగి తీసుకోండి. చూసింది తెలుగులో రాయండి.